కొండన్న అనని మాట

హిమబిందు నవ్విన రోజు గురించి పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. శంకరరావు మాష్టారు ఎక్కడ మైకు దొరికినా ఆ సంగతి చెప్పేవారు. సునామీ తర్వాత శిబిరంలో నోరు విప్పకుండా కూచున్న తొమ్మిదేళ్ల పిల్ల, ఒక సినిమా చూసి ఎలా పకపకా నవ్విందో, ఆ నవ్వు విని పెద్దవాళ్లంతా ఎలా కళ్లు తుడుచుకున్నారో ఆయన చెబుతుంటే హాలంతా కదలకుండా వినేది. ముందు వరసలో తల వంచుకుని కూచున్న బిందుకు సిగ్గుగానూ ఉండేది, కాస్త గర్వంగానూ ఉండేది.

ఆయన కల్పించి చెప్పిందేమీ కాదు. అలాగే జరిగింది.

బిందు తండ్రి అసిరయ్య క్యాంప్‌బెల్ బేలో కరెంటు లైన్‌మేన్. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ మీద రెండు మూడు రోజుల ప్రయాణం, దక్షిణాన చిట్టచివరి దీవి. శంకరరావు మాష్టారు అక్కడి బడిలోనే పనిచేసేవారు. రెండిళ్లకూ మధ్య ఒక్క కంచె. ఆ ఆదివారం పొద్దున్న భూమి ఊగినప్పుడు అసిరయ్య కరెంటు ఆపాలంటూ పవర్‌హౌస్‌కు పరుగెత్తాడు. సముద్రం వెనక్కి పోతోందని ఎవరో అరిచారు. అందరూ కొండ మీదికి పరుగు. తల్లి దేముడమ్మ బిందు చేతిని మాష్టారి భార్య శాంతకుమారి చేతిలో పెట్టి, "మీరు పదండి పిన్నిగారూ, ఆయన్ని పిల్చుకొచ్చేస్తాను" అని కిందికి దిగింది. ఆమె మళ్లీ పైకి రాలేదు.

మిగిలినవాళ్లను ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేర్చి ఒక బడిలో ఉంచారు. ఆ ఊళ్లోనే హాడోలో ఉండే నాయనమ్మ తులసమ్మ మనవరాలిని వెతుక్కుంటూ వచ్చి, క్వార్టర్ గోడలు భూకంపానికి బీటలు వారడంతో తనూ ఆ బడి వరండాలోనే చాప పరుచుకుంది. పిల్ల తినేది, పడుకునేది. మాట్లాడేది మాత్రం కాదు. ఎవరేమడిగినా గోడ వైపు తిరిగేది.

కొన్నాళ్లకు సహాయం చేయడానికి వచ్చిన విదేశీయులెవరో పిల్లల కోసమని ఒక డీవీడీ తెచ్చారు. నార్వే దేశపు సినిమా. సాయంత్రం ప్రార్థన హాల్లో తెల్లదుప్పటి కట్టి వేశారు. అందులో మాటలు ఒక్కటీ ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలు గోల మొదలుపెడుతుంటే శంకరరావు మాష్టారు లేచి, తెర పక్కన నిలబడి, "ఆగండ్రా, నేను చెబుతాను" అన్నారు. హిందీ, తెలుగు కలిపి కథ అందుకున్నారు.

సినిమాలో కొండ లోపల ఒక భూతం నిద్రపోతుంటుంది. ఆ దేశపు పాతకథల్లోని భూతమట. తల మీద చెట్లు మొలిచి ఉంటాయి, ముక్కు సొరకాయంత, వెనకాల ఆవుకున్నట్టు తోక. ఊళ్లోవాళ్లు పండగకని పెద్ద గంగాళంలో వెన్న వేసి జావ కాస్తుంటే ఆ వాసనకు దానికి మెలకువ వస్తుంది. మాష్టారు దానికి కొండన్న అని పేరు పెట్టారు. "కొండన్నకు ఆకలేసిందిరా బాబూ! లేచాడు, ఆవలించాడు, చూశారా, నోట్లోంచి గబ్బిలాలు!" అనేసరికి పిల్లలు ముందుకు జరిగారు.

కొండన్నను చూసి ఊరంతా పారిపోయి అతని గుహలోనే దూరుతుంది. ఖాళీ ఊళ్లో కొండన్న కాపురం పెడతాడు. చర్చి ఫాదరు టోపీ నెత్తిన పెట్టుకుంటాడు. అది చెట్టుకొమ్మకు తగిలించినట్టుంటుంది. మంచం మీద పడుకుంటే మంచం విరుగుతుంది, కాళ్లు పక్కింటి కిటికీలోంచి లోపలికి వెళతాయి. ఎండ తగిలితే రాయైపోతాడు కనుక తెరచాప పీకి గొడుగు చేసుకుంటాడు. చర్చి గంట మోగితే చెవులు మూసుకుని గిరగిరా తిరుగుతాడు.

ఒకచోట కొండన్న సముద్రంలో కాలు పెట్టాడు. నీళ్లు ఒక్కసారిగా లేచి ఒడ్డు మీదికి వచ్చాయి. హాల్లో పిల్లలు కెవ్వుమన్నారు. కొందరు లేచి తలుపు వైపు పరుగెత్తారు. మాష్టారు గొంతు పెంచి, "ఎక్కడికిరా! కొండన్న పాపం కాళ్లు కడుక్కుంటున్నాడు. వాళ్లమ్మ చెప్పింది, కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకొస్తే తోక కత్తిరిస్తానని!" అన్నారు. తెర మీద కొండన్న సరిగ్గా అప్పుడే తోక పట్టుకుని చూసుకున్నాడు.

బిందు నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, ఆ తర్వాత కడుపు పట్టుకుని. తులసమ్మ మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "నవ్వీసింది! ఓలమ్మో, నా తల్లి నవ్వీసింది!" అని ఏడ్చింది.

సినిమాలో ఒక చిన్నపిల్ల ఉంది. ఊరంతా పారిపోయినా తను పోదు. కొండన్నతో స్నేహం చేస్తుంది. రాతి మీద కూచుని ఏదో అడుగుతుంది, కొండన్న బుర్ర గోక్కుంటూ ఏదో చెబుతాడు. మాష్టారు అప్పుడు బిందు వైపే చూస్తూ అన్నారు, "పిల్ల అడుగుతోంది, మా నాన్నేడీ అని. కొండన్న చెబుతున్నాడు, మీ నాన్న నా గుహలో భద్రంగా ఉన్నాడమ్మా, గంట మోగినప్పుడు పంపించేస్తాను అని." చివర్లో గంట మోగింది. గుహలోంచి మనుషులు ఒక్కొక్కరే కళ్లు నులుముకుంటూ బయటికొచ్చారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు. పిల్లలు ఎదురు పరుగెత్తారు. "చూశారా! తీసుకెళ్లినవాళ్లను అందరినీ ఇచ్చేశాడు" అన్నారు మాష్టారు.

ఆ రాత్రి బిందు మాట్లాడింది. "నాయనమ్మా, మన జెట్టీలో గంట ఉందా?" అని అడిగింది.

తర్వాత దక్షిణ దీవుల నుంచి ఓడ వచ్చిందంటే చాలు, హాడో రేవులో బిందు ఉండాల్సిందే. తులసమ్మ మోకాళ్ల నొప్పులతో వెనకాల నడిచేది. ఓడ కూత వేస్తే అదే గంట అని పిల్ల లెక్క. మెట్ల మీంచి దిగే ప్రతి మొహాన్నీ చూసేది. బంధువులు కర్మ చేయించమన్నారు. పంతులు కూడా వచ్చి కూచున్నాడు. బిందు అతని సంచి లాగి వీధిలో పారేసి, "మా నాన్న వస్తాడు! మాష్టారు చెప్పారు!" అని గుక్కపట్టింది. తులసమ్మ భయపడి పంతుల్ని పంపేసింది. ఒకరోజు శంకరరావు మాష్టారు రేవులో ఎదురుపడితే ముసలామె చేతులు జోడించి అడిగింది, "బాబూ, తమరు అక్కడే ఉన్నారు గదా. మావోడు ఏటైనా కనిపించాడా?" మాష్టారు తల అడ్డంగా ఊపారు. "లేదమ్మా, కనిపించలేదు."

పిల్ల పెద్దదైంది. ఓడల దగ్గరికి వెళ్లడం దానంతట అదే మానేసింది. గల్లంతైనవాళ్లంతా పోయినట్టే అని ప్రభుత్వం కూడా చెప్పింది. అమ్మానాన్నలు పోయారని బిందుకు తెలుసు. కానీ తులసమ్మ మాత్రం కొడుక్కి పిండం పెట్టనివ్వలేదు. శవం కనిపించనివాడు ఏ దేశపు ఒడ్డునో బతికే ఉండవచ్చని ఆమె పట్టుదల. పోయే ముందు కూడా, "మావోడొస్తే ఈ క్వార్టర్ నెంబరు సెప్పండి" అనే అంది.

బిందు చదువుకుని ఓడ టికెట్ల కౌంటర్లో ఉద్యోగంలో చేరింది. ప్రవీణ్‌కుమార్ అనే కుర్రాణ్ణి చేసుకుంది. అతనికి హాడోలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. పెళ్లిలో కన్యాదానం చేసింది శంకరరావు మాష్టారు, శాంతకుమారి. పీటల మీద కూచుని కాళ్లు కడిగినప్పుడు మాష్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నాన్న లేని లోటు ఈయన తీర్చారు అనుకుంది బిందు. నిజంగానే అనుకుంది.

సునామీ వచ్చి ఇరవయ్యేళ్లు నిండబోతున్నాయని ఆ డిసెంబరులో తెలుగు సంఘంవాళ్లు సభ పెట్టారు. మాష్టారికి సన్మానం. ఆ సినిమాను మళ్లీ వేస్తారు, మాష్టారు మళ్లీ పక్కన నిలబడి కథ చెబుతారు, బిందు వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడాలి. సంఘం కార్యదర్శి మనోహర్ ఫోన్ చేసి చెప్పాడు. "సినిమా దొరికింది దీదీ, ఆన్‌లైన్‌లో ఉంది. హిందీ డబ్బింగ్ కూడా ఉంది. లింకు పంపిస్తున్నా, ఇంట్లో ఓసారి చూసి పెట్టుకోండి."

సముద్రం కింద ఇంటర్నెట్ కేబుల్ వచ్చాక ఇప్పుడు సినిమాలు ఆగకుండా వస్తున్నాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బిందు టీవీ ముందు కూచుంది. ఏడేళ్ల కూతురు లిఖితను ఒళ్లో కూచోబెట్టుకుంది. ప్రవీణ్ పల్లీలు వేయించి పళ్లెంలో తెచ్చాడు.

మొదటి గంట ఎంత హాయిగా గడిచిందో. కొండన్న ఆవలించాడు, గబ్బిలాలు ఎగిరాయి.

"మమ్మీ, వాడి నాక్ దేఖో! ఎంత బడా ఉందో!" అని లిఖిత తన ముక్కు పట్టుకుని టీవీ దగ్గరికి పరుగెత్తింది.

"చెప్పాను కదా, ఇప్పుడు ఫాదరు టోపీ పెట్టుకుంటాడు చూడు" అంది బిందు. ముందే చెప్పొద్దని కూతురు నోరు మూసింది. మంచం విరిగినప్పుడు ప్రవీణ్ పల్లీ గొంతుకు అడ్డం పడేంతగా నవ్వాడు. మాష్టారు చెప్పిన కథకూ దీనికీ అక్కడక్కడా తేడాలు కనిపిస్తూనే ఉన్నాయి. కాళ్లు కడుక్కునేచోట కొండన్న నిజానికి చేపను తొక్కి, అది తోక కరిచిందని ఎగిరాడు. తోకను అందుకే చూసుకున్నాడు. బిందుకు అదీ ముద్దుగానే అనిపించింది. "మాష్టారు ఎంత బాగా అల్లారో చూడండి, ఏ భాషా రాకుండానే!" అంది మొగుడితో.

తర్వాత ఆ పిల్ల రాతి మీద కూచుంది. బిందు లిఖితను దగ్గరికి లాక్కుంది. ఈ చోటు ఆమెకు అన్నిటికన్నా ఇష్టం.

"మా నాన్నను పడవతో సహా సముద్రం తీసుకుపోయింది. నువ్వు ఇంత పెద్దవాడివి కదా, తెచ్చివ్వవా?" అని పిల్ల హిందీలో అడిగింది.

కొండన్న బుర్ర గోక్కున్నాడు. చాలాసేపు సముద్రం వైపు చూశాడు. "సమందర్ ముఝ్‌సే బడా హై. సముద్రం నాకన్నా పెద్దది, బిటియా. అది తీసుకున్నవాళ్లను నేను తేలేను. ఎవరూ తేలేరు. నువ్వు ఏడవాలనుకుంటే ఏడువు. నేను ఇక్కడే ఉంటాను."

పిల్ల ఏడ్చింది. కొండన్న తెరచాప గొడుగును ఆమె మీదికి వంచాడు. ఆ ఏడుపు అరనిమిషం కూడా లేదు. వెంటనే ఒక మేక వచ్చి అతని గడ్డం తినడం మొదలుపెట్టింది, లిఖిత కిలకిలా నవ్వింది.

బిందు నవ్వలేదు. చివర్లో గుహలోంచి వచ్చినవాళ్లు ఎవరో ఇప్పుడు తెలిసింది. మొదట భయపడి అందులో దాక్కున్న ఊరివాళ్లే. కొండన్న ఎవరినీ తీసుకుపోలేదు. ఎవరినీ తిరిగి ఇవ్వనూ లేదు.

"ఏమైంది?" అని ప్రవీణ్ అడిగాడు.

"ఆ భూతం కూడా నిజమే చెప్పింది" అంది బిందు.

ఆ మాట ఆమెను వదల్లేదు. మాష్టారికి ఆ భాష రాదు, పిల్లలు బెదిరి ఉన్నారు, ఏదో తోచింది చెప్పారు, ఇందులో తప్పు పట్టడానికేముంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అయినా రేవు మెట్ల మీద నిలబడ్డ ఆ చిన్నపిల్ల మనసులో మెదులుతూనే ఉంది. ఆయన్నే అడిగి నవ్వేసుకుందామని మర్నాడు సాయంత్రం చాథమ్‌లో ఫెర్రీ పడవ ఎక్కి ఆయన ఉండే బాంబూఫ్లాట్ వెళ్లింది.

మాష్టారు వరండాలో నిలబడి సభలో చెప్పబోయే మాటలు పైకి చదువుకుంటున్నారు. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. శాంతకుమారి గుమ్మంలో కూచుని తోటకూర తుంచుతోంది.

"రా తల్లీ, సమయానికొచ్చావు. 'నవ్విన పిల్ల' అని నిన్ను పిలిచేటప్పుడు ముందు నీ పేరు చెప్పనా, చివర చెప్పనా?"

"సినిమా చూశాను మాష్టారూ, హిందీలో" అంది బిందు. "ఆ పిల్ల వాళ్ల నాన్న గురించి అడిగినప్పుడు కొండన్న ఏమన్నాడో తెలుసా?"

"గుహలో ఉన్నాడన్నాడు. గంట మోగితే పంపిస్తానన్నాడు."

"అది మీరన్నారు. కొండన్న అనలేదు. తేలేనన్నాడు. ఎవరూ తేలేరన్నాడు."

మాష్టారు గట్టిగా నవ్వారు. "నాకు నార్వే భాష వచ్చా ఏమిటే! తోచింది చెప్పాను. మీరంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. కథంటే అంతే కదా."

"నేను నమ్మాను మాష్టారూ. మూడేళ్లు రేవు చుట్టూ తిరిగాను."

"పిల్లలన్నాక నమ్ముతారు. ఆ నమ్మకమే నిన్ను బతికించింది."

బిందు తల ఊపింది. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. వెళ్లొస్తానని చెప్పులేసుకోబోయింది.

"భాష రాదు సరే" అంది శాంతకుమారి. తోటకూర మీంచి తల ఎత్తలేదు. "అసిరయ్య సంగతి తెలుసు కదా మీకు. అది కూడా భాష రాకేనా?"

"నువ్వు లోపలికి వెళ్లు" అన్నారు మాష్టారు.

"వెళ్లను. సభనాడు దాన్ని స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టిస్తారు. నేను చూస్తూ కూచోలేను." ఆమె తోటకూర పక్కకు నెట్టింది. "బిందూ, మీ నాన్న దొరికాడమ్మా. అల వచ్చిన మూడోనాడు పవర్‌హౌస్ పక్కన కనిపించాడు. లైన్‌మేన్ బెల్టు నడుముకు అలాగే ఉంది. ఈయనే గుర్తుపట్టారు. ఈయనా, మీ నాన్న హెల్పర్ నూకన్నా, ఇద్దరు జవాన్లూ కలిసి బడి వెనకాల మిట్ట మీద పూడ్చారు. మీ అమ్మ దొరకలేదు."

బిందు అరుగు మీద కూచుండిపోయింది, ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.

"మీకూ తెలుసా పిన్నిగారూ?"

"తెలుసు" అంది శాంతకుమారి. "ప్రతి ఏడూ చెప్పమన్నాను. ఈ ఏడు వద్దు అనేవారు. నేను చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు."

బిందు మాష్టారి వైపు తిరిగింది. "నాయనమ్మ మిమ్మల్ని అడిగింది. నా ఎదురుగానే అడిగింది. చేతులు జోడించి అడిగింది."

"అప్పుడు చెబితే నువ్వేమైపోయేదానివి? పది రోజులు గోడ వైపు తిరిగి కూచున్న పిల్లవి. అప్పుడప్పుడే నవ్వావు. ఆ నవ్వు మీద మట్టి పోయమంటావా?"

"అప్పుడు వద్దు. పెద్దయ్యాక? నాయనమ్మ మంచంలో ఉన్నప్పుడు? కొడుక్కి ఒక్క పిండం పెట్టకుండా పోయింది మాష్టారూ. నా పెళ్లిలో నాన్న చోట మీరు కూచున్నారు. ఆ పీట మీద కూచున్నప్పుడు కూడా చెప్పాలనిపించలేదా?"

"చెప్పి ఏం లాభం? వాడు తిరిగొస్తాడా?" మాష్టారి గొంతు పెరిగింది. "నీకోసం నేను చేసింది ఎవరు చేశారే? ఊరంతా అంటారు, శంకరరావు మాష్టారు లేకపోతే ఆ పిల్ల పిచ్చిదయ్యేదని. ఆ మాట అబద్ధమా? చెప్పు!"

బిందు ఆయన మొహం చూసింది. అందులో భయం లేదు, బాధ లేదు. తను చేసిన మేలును ఎవరో కాదన్నారన్న కోపం ఒక్కటే ఉంది. ఇన్నాళ్లూ వేదిక మీద ఆయన చెప్పింది తన గురించి కాదని, ఆయన గురించేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. చెప్పు వేసుకుని గేటు దాటింది. ఫెర్రీలో రేలింగు పట్టుకుని నిలబడితే, ఆయన్ను ఎన్నిసార్లు నాన్న అనుకుందో ఒక్కొక్కటే గుర్తుకొచ్చి ఒళ్లు మండింది.

ప్రవీణ్ అంతా విని, "చలో, వెళ్దాం" అన్నాడు. క్యాంప్‌బెల్ బే ఓడకు టికెట్లు బిందు తన కౌంటర్లోనే తీసుకుంది. సభకు నాలుగు రోజుల ముందు ఓడ. మనోహర్ కంగారుగా ఫోన్ చేశాడు. "దీదీ, పోస్టర్ల మీద మీ పేరు వేసేశాం! మీరు లేకపోతే ఎలా?"

"నవ్విన పిల్ల ఊళ్లో లేదని చెప్పండి భయ్యా" అంది.

బయల్దేరే రోజు రేవులో శాంతకుమారి కనిపించింది. చేతిలో ఒక బట్టల సంచి. ఆమె కూడా టికెట్ తీసుకుంది. "నాతో మాట్లాడొద్దులే అమ్మా. చోటు నాకు కాస్త గుర్తుంది. చూపించి నా దారిన నేనుంటాను" అంది. బిందు ఓడలో భోజనానికి పిలిచింది, పడుకునేచోట దుప్పటి ఇచ్చింది. అంతకుమించి నోరు రాలేదు. లిఖిత మాత్రం ఆమె పక్కన చేరి కొండన్న కథ మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

క్యాంప్‌బెల్ బే జెట్టీ దగ్గర నూకన్నే ఎదురొచ్చాడు. ఇప్పుడు బాగా ముసలివాడు. అసిరయ్య దగ్గర ఒకప్పుడు హెల్పర్‌గా ఉండేవాడు. బిందును చూసి ఎవరని అడగలేదు. "అచ్చం దేముడమ్మే" అన్నాడు.

పాత బడి కూలిపోయింది. దాని వెనకాల మిట్ట మీద పొదలు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. వాటి మధ్య ఒక్కచోట మాత్రం నేల శుభ్రంగా ఉంది. చుట్టూ తెల్లటి పగడపు రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇక్కడే తల్లీ. నాను, మేష్టారు, ఇద్దరు జవాన్లు. మేష్టారు మట్టేసి సంటిపిల్లాడిలా ఏడ్సినాడు. వానలు ఆగినాక ఏటేటా నాను వచ్చి గడ్డి పీకుతుంటాను." అతను బిందు మొహం చూసి ఆగాడు. "మేష్టారు నీకు సెప్పలేదా ఏటి? నాను ఫోన్ సేసినపుడల్లా అడుగుతాను, పిల్ల ఎపుడొస్తాది, వాళ్ల నాన్నని సూసుకుంటాదా అని. వస్తాది నూకన్నా, పనుల్లో ఉంది అంటాడు. ఇన్నేళ్లలో తీరికే లేదా ఈ పిల్లకి అని నాను... నీ మీద కోపం తెచ్చుకున్నాను తల్లీ."

బిందు రాళ్ల పక్కన కూలబడింది. తండ్రి కోసం ఏడవాలని వచ్చింది. కానీ ముందు వచ్చిన ఏడుపు అది కాదు. ఇక్కడొక ముసలివాడు తను వస్తుందని గడ్డి పీకుతూ కూచుంటే, అక్కడ తను ఆ అబద్ధమాడిన మనిషి కాళ్లకు పండగపండక్కీ దండం పెట్టింది. పిడికిలితో నేలను గుద్దింది. ప్రవీణ్ చేయి పట్టుకోబోతే విదిలించింది. చాలాసేపటికి గాని అసలు ఏడుపు రాలేదు. అది వచ్చినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లలాగే వచ్చింది, నాన్నా అని.

లిఖిత బెదిరి అమ్మ భుజం పట్టుకుంది. "తాతయ్య ఇక్కడున్నాడా మమ్మీ?"

"ఉన్నాడు."

"బాహర్ వస్తాడా?"

శాంతకుమారి పిల్లను పక్కకు తీసుకుపోబోయింది. బిందు వద్దని చేయి చూపించింది. "రాడమ్మా. చనిపోయాడు. అమ్మమ్మ కూడా చనిపోయింది, ఆమె ఎక్కడుందో మనకు తెలీదు."

లిఖిత ఒక పగడపు రాయి వంకరగా ఉందని సరిచేసింది.

మర్నాడు నూకన్న ఇంట్లో అన్నం వండి, ప్రవీణ్ చేత పిండాలు పెట్టించారు. పంతులు లేడు. నూకన్నకు వచ్చినట్టు అతను చెప్పాడు. అసిరయ్యకు ఒకటి, దేముడమ్మకు ఒకటి. బిందు తన చేత్తో ఇంకొకటి చేసి తులసమ్మ పేరు చెప్పింది. నాయనమ్మకు ఇవన్నీ పోర్ట్ బ్లెయిర్‌లో ఎప్పుడో జరిగాయి. అయినా కొడుకు పక్కన ఆమెకూ ఒక ముద్ద పెట్టాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో ఓడ పోర్ట్ బ్లెయిర్ దగ్గరికి వచ్చి ఫోన్లకు సిగ్నల్ అందగానే వరసగా మెసేజీలు వచ్చి పడ్డాయి. మనోహర్ సభ వీడియో పంపాడు. శాలువా కప్పుకుని మైకు ముందు మాష్టారు.

"ఈరోజు ఆ బిడ్డ ఇక్కడ లేదు. ఎందుకు లేదంటారా? తండ్రిని పూడ్చిన చోటుకు వెళ్లింది. ఇరవయ్యేళ్లు నా గుండెలో దాచుకున్న ఆ రహస్యాన్ని, తట్టుకునే శక్తి వచ్చిందని తెలిశాక నేనే ఆ బిడ్డకు చెప్పాను. వెళ్లమ్మా, వెళ్లి చూసుకో అని నేనే పంపాను..."

హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది. ఎవరో కళ్లు తుడుచుకుంటున్నారు.

బిందు ఫోన్‌ను శాంతకుమారి చేతికిచ్చింది. ఆమె కళ్లజోడు సరిచేసుకుని చివరిదాకా చూసింది. "నేనే పంపాను అన్నారా?" అని మళ్లీ వెనక్కి పెట్టించుకుని విని, ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

హాడో రేవులో మాష్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లను చూడగానే చేతులు చాచుకుంటూ వచ్చారు. "అమ్మా బిందూ! చూసుకున్నావా తల్లీ? సభలో నీ గురించి చెబుతుంటే ఒక్కళ్లకు కన్ను ఆరితే ఒట్టు..."

"పిన్నిగారికి మోకాలు వాచింది. మెట్లు ఎక్కించకండి, ఆటోలో ఫెర్రీదాకా తీసుకెళ్లండి" అంది బిందు. ఆ మాట ఏ ప్రయాణికుడితోనైనా అన్నట్టే అంది. మాష్టారూ అన్న పిలుపు లేదు.

ఆయన భార్య చేతిలోని సంచి అందుకోబోయారు. శాంతకుమారి దాన్ని రెండో చేతికి మార్చుకుంది. ఆయన వైపు చూడకుండా, కుంటుకుంటూ, ఒక్కతే ఆటోల వైపు నడిచింది. మాష్టారు చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుని, ఆమె వెనకాలే వెళ్లారు.

లిఖిత నిద్రమొహంతో కాళ్లు నొప్పులంటూ పేచీ పెట్టింది. బిందు కూతుర్ని ఎత్తుకుని, పెట్టె మోస్తున్న ప్రవీణ్‌తో కలిసి ఇంటి దారి పట్టింది.